పన్నెండు ప్లగ్గుల కారు

హైదరాబాదు చౌమహల్లా ప్యాలెసులో పసుపుపచ్చని రోల్స్ రాయిస్ కారు ఒకటి ప్రదర్శనకు ఉంచబడినది. దానిని తెప్పించుటకు ఉత్తరువిచ్చినది ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్. కారు నగరము చేరకముందే, 1911 లో, ఆయన మరణించెను. చూడవచ్చినవారు అందలి సింహాసనము వంటి ఆసనమును చూచి పోవుదురు. విజ్ఞాన విద్యార్థికి కావలసినది ముందరి మూత క్రింద కలదు.

ఈ ‘సిల్వర్ గోస్ట్’ రకపు ఇంజనులో సిలిండర్లు ఆరు, ప్లగ్గులు పన్నెండు. ప్రతి సిలిండరులోను ఒక ప్లగ్గుకు మాగ్నెటో, రెండవదానికి బ్యాటరీతో పనిచేయు తీగచుట్ట విద్యుత్తు నందించును. ఇంత దుబారా ఏల? ఆనాడు రెండింటిలో దేనినీ పూర్తిగా నమ్మలేకపోయిరి. జర్మనీలో బాష్ కర్మాగారపు ఇంజనీరు గాట్లోబ్ హోనాల్డ్ 1902 నాటికి రూపొందించిన అధిక వోల్టేజి మాగ్నెటోకు బ్యాటరీ అక్కరలేదు. ఇంజను త్రిప్పగా అదియే విద్యుత్తును పుట్టించుకొనును. కాని ఇంజను మెల్లగా తిరుగునపుడు దాని నిప్పురవ్వ బలహీనము. బ్యాటరీ చుట్టకు ఆ లోపము లేదు. అయితే బ్యాటరీ డీలాపడినచో అదియు మూగపోవును.

రబ్బరు, నూలు తొడుగులుగల పాత తీగలు వేడికి పెళుసెక్కి, తొడుగు రాలి, ఇంజను లోహమును తాకును. దీనినే షార్టు అందురు. రెండు మార్గములున్న కారులో దోషమెచ్చటనో స్విచ్చియే చెప్పును. మాగ్నెటో వైపు త్రిప్పగా ఇంజను నడచినచో తప్పు బ్యాటరీ వైపున ఉన్నట్లే.

ఇచ్చట ఒక చిత్రము కలదు. బ్యాటరీ చుట్టను ఆపుటకు ప్రవాహమును తెంపుదుము. మాగ్నెటోను ఆపుటకు దాని తీగను లోహమునకు కలుపుదుము! కనుక ఆ స్విచ్చి తీగ షార్టయినచో, కారు చెడినట్లు కాదు, ఎవరో ఆపివేసినట్లు ఊరకుండును. మాగ్నెటో వద్ద ఆ తీగను ఊడదీసి చూడవలెను. రవ్వ వచ్చినచో మాగ్నెటో నిర్దోషి. (కోస్గి వంటి ఊళ్లలో తిరిగిన బ్యాటరీలేని పాత మోపెడులకును ఈ పరీక్ష చెల్లును.)

అమెరికాలో కెటరింగ్ కనిపెట్టిన విద్యుత్ స్టార్టరు 1912 లో కాడిలాక్ కార్లలో వచ్చెను. స్టార్టరుకు బ్యాటరీ తప్పదు; బ్యాటరీ ఎటులను ఉన్నప్పుడు మాగ్నెటో ఎందుకనిరి. క్రమముగా దీపము, హారను, స్టార్టరు, రవ్వ అన్నియు ఒక్క బ్యాటరీపైననే ఆధారపడెను. సుఖము పెరిగినది గాని, ఇపుడు దీపపు తీగ కాలినను ప్రక్కనున్న రవ్వ తీగకు ముప్పే. పెక్కు పాత కార్లలో రవ్వ మార్గమునకు ఫ్యూజైనను లేదు. అందుచే షార్టు జరిగిన కారులో మొదట బ్యాటరీ తీగ విప్పి, కాలిన తీగలు మార్చిన పిదపనే పరీక్షింపవలెను. కొందరు తొందరపడి కొత్త చుట్ట కొని తగిలింతురు; అదియు కాలును.

తరువాత దీపములార్పి, స్విచ్చి వేసి, హ్యాండిలుతో ఇంజనును మెల్లగా త్రిప్పుచు అమ్మీటరును చూడవలెను. పాయింట్లు కలిసి విడిపోవుచుండగా ముల్లు ఊగవలెను. సున్న వద్దనే ఉన్నచో మార్గమెచ్చటనో తెగినది. ఊగక ఒకే అంకె చూపినచో ప్రవాహము తెగుటయే లేదు. తెగనిదే చుట్టలో వేల వోల్టులు పుట్టవు. పాయింట్లు అంటుకొనిపోయి ఉండవచ్చును, లేదా వాని తీగ లోహమును తాకుచుండవచ్చును. రెండును బాగున్నచో కండెన్సరును విడదీసి మరల త్రిప్పవలెను. ముల్లు ఊగినచో షార్టయినది కండెన్సరే.