జంట జలాశయాలు, మురుగునీరు: శంషాబాద్ అనుభవం

నగరం తాగునీటిని ఎగువ నుంచి తెచ్చుకుంటుంది, మురుగును దిగువకు వదులుతుంది. ఆ నగరం ఎగువకే విస్తరిస్తే ఏమవుతుంది? శంషాబాద్ చరిత్రను మీరు ఈ ప్రశ్నతో చదవాలి.

1. నేపథ్యం

1908 సెప్టెంబర్ 28 నాటి మూసీ వరద హైదరాబాదులో వేలాది ప్రాణాలను బలిగొన్నది. తరువాత నిజాం ప్రభుత్వం ఆహ్వానించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఎగువన జలాశయాలను, నగరంలో భూగర్భ మురుగునీటి వ్యవస్థను సూచించారు. మూసీపై ఉస్మాన్‌సాగర్ (1920), ఈసీపై హిమాయత్‌సాగర్ (1927) పూర్తయ్యాయి. వరదను ఆపడానికి కట్టిన ఈ జలాశయాలే నగరానికి తాగునీటినిచ్చాయి. నగరం వాటికి దిగువన ఉన్నంతకాలం దాని మురుగు వాటిని చేరలేదని గమనించండి.

2. జీ.ఓ. 111

నగరం జలాశయాల వైపు పెరగడంతో 1996 మార్చి 8న ప్రభుత్వం జీ.ఓ. 111 జారీచేసింది. జలాశయాల చుట్టూ 10 కి.మీ. పరిధిలో కాలుష్యకారక పరిశ్రమలను, పెద్ద హోటళ్లను, నివాస కాలనీలను నిషేధించింది. దీని పరిధిలోని 84 గ్రామాలలో శంషాబాద్ మండల గ్రామాలూ ఉన్నాయి.

3. సుప్రీంకోర్టు తీర్పు

శంషాబాద్ మండలం పెద్దషాపూర్‌లో ఆముదం నూనె ఉత్పన్నాల కర్మాగారానికి కాలుష్య నియంత్రణ మండలి అనుమతి నిరాకరించింది. తమ సాంకేతిక విధానం వల్ల హాని లేదని యాజమాన్యం వాదించింది. 1997లో ప్రభుత్వం మినహాయింపు కూడా ఇచ్చింది. వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. హాని జరిగేదాకా ఆగకుండా ముందే జాగ్రత్తపడాలని, హాని లేదని నిరూపించే భారం పరిశ్రమదేనని 1999లో కోర్టు వివరించింది. 2000 డిసెంబర్‌లో ఆ మినహాయింపు చెల్లదని తీర్పునిచ్చింది.

4. విమానాశ్రయం తరువాత

2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం ప్రారంభమైంది. చుట్టుపక్కల భూముల విలువ పెరిగింది. నిషేధిత గ్రామాల రైతులు తమ భూములకు ఆ ధర రావడం లేదని ఆవేదన చెందారు. వారి ఆవేదనకు కారణం ఉంది: నగరం తాగే నీటికి మూల్యం గ్రామాలు చెల్లించాయి. నగరం ఇప్పుడు ప్రధానంగా కృష్ణా, గోదావరి, మంజీరా జలాలపై ఆధారపడుతోంది. ఈ నేపథ్యంలో 2022 ఏప్రిల్‌లో జీ.ఓ. 69 ఆ ఆంక్షలను తొలగించి, నీటి నాణ్యత కాపాడాలని, మురుగుశుద్ధి కేంద్రాలు నిర్మించాలని షరతు పెట్టింది.

ఇక్కడే అసలు సమస్య. ఇళ్లు ముందు వచ్చి మురుగు కాలువలు తరువాత వస్తే సెప్టిక్ ట్యాంకుల నీరు వాననీటి కాలువల గుండా చెరువులకు చేరుతుంది. సాధారణ శుద్ధి సేంద్రియ మలినాలను తగ్గించినా, నత్రజని, భాస్వరం చాలావరకు మిగులుతాయి. వాటితోనే గుర్రపుడెక్క పెరుగుతుంది. కాబట్టి షరతు ఉన్నంత మాత్రాన చాలదు. శుద్ధి కేంద్రం ఇళ్లకంటే ముందు రావాలి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

జలాశయాల రక్షణ భారాన్ని గ్రామాలు, నగరం ఏవిధంగా పంచుకోవాలి? 2000 నాటి తీర్పు ఆధారంగా చర్చించండి.