సిర్కా వన్నె

పెళ్లికూతురి కాళ్లకు పారాణి పెట్టాలంటే పసుపులో కాస్త సున్నం కలుపుతారు. పచ్చటి ముద్ద చూస్తుండగానే ఎర్రబడుతుంది. దిష్టి తీసే ఎర్రనీళ్లదీ ఇదే కిటుకు. ఆ ఎర్రనీళ్లలో నిమ్మకాయ పిండితే ఎరుపు పోయి పసుపు రంగు తిరిగొస్తుంది. కానీ దిష్టి తీశాక నీళ్లు బయట పారబోయడమే మనకు అలవాటు. నిమ్మకాయ పిండి చూసేవాళ్లు తక్కువ.

నిజామాబాద్ జిల్లా కమ్మర్‌పల్లిలో పసుపు పరిశోధన స్థానం ఉంది. 63వ నంబరు జాతీయ రహదారి మీద ఆర్మూర్ దాటి మెట్‌పల్లి వైపు వెళ్తుంటే ఈ ఊరు తగులుతుంది. అదే రోడ్డు పట్టుకుని వెనక్కి పడమరగా పోతే నిజామాబాద్, ఆ తర్వాత బోధన్. ఒక కొసన పసుపు, ఇంకో కొసన చెరకు. 1937లో పుట్టిన బోధన్ షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది గానీ ఆ పక్క చెరకు మాట వినపడుతూనే ఉంటుంది. చెరకురసం పులిస్తే ముందు మత్తు నీళ్లవుతుంది, గాలి తగులుతూ ఇంకా పులిస్తే సిర్కా, అంటే వెనిగర్, అవుతుంది. కల్లు ఎరిగిన జిల్లాకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు.

సిర్కా పుల్లగా ఉందో లేదో నాలుక చెప్పేస్తుంది. ఎంత పులుపో చెప్పలేదు. ఆ ‘ఎంత’ను తేల్చే పద్ధతిని టైట్రేషన్ అంటారు. మన పాఠ్యపుస్తకాల్లో దాని పేరు అంశమాపనం. ఇంటర్ ల్యాబ్‌లో బ్యూరెట్ పట్టుకున్న ప్రతివాళ్లకూ తెలిసిన పనే ఇది. అయితే ఈ విద్య మొదలైంది సిర్కాతోనేనని ల్యాబ్‌లో మాకెవరూ చెప్పలేదు.

1729లో ప్యారిస్‌లో క్లాడ్ జోసెఫ్ జోఫ్రువా అనే మందుల తయారీదారు వేరువేరు సిర్కాల్లో ఏది ఘాటైనదో తేల్చాలనుకున్నాడు. కొంత సిర్కా తూచి తీసుకుని అందులో పొటాషియం కార్బొనేట్ పొడి కొద్దికొద్దిగా చల్లుతూ పోయాడు. పొడి పడగానే బుసబుసమని పొంగు. పొంగడం మానేసిందంటే పులుపంతా తీరిపోయినట్టు. అప్పటికి ఎంత పొడి ఖర్చయిందో అదే ఆ సిర్కా బలం. ఎక్కువ పొడి మింగిన సిర్కా ఎక్కువ పుల్లనిది. తూకపురాయి ఒక పళ్లెంలో, సరుకు ఇంకో పళ్లెంలో పెట్టినట్టే. ఇక్కడ ముల్లు బదులు పొంగు.

చిక్కంతా ఆ ముల్లుతోనే. గ్లాసులో సిర్కా పోసి వంటసోడా చిటికెడు చిటికెడు వేసి చూడండి. మొదట్లో గ్లాసు దాటి పొర్లుతుంది. చివర్లో ఒక్కో బుడగే లేస్తుంది. ఆ ఆఖరి బుడగ ఏదో ఎట్లా తెలియాలి? ఈ విద్య చరిత్రలో సగం ఎక్కడ ఆపాలో తెలుసుకోవడానికి పడిన తంటాలే.

తంటాలు పడినవాళ్లు తీరిక ఉన్న పండితులు కారు. సరుకు కొని మోసపోయినవాళ్లు, వాళ్లకు సాయపడినవాళ్లు. ఎడిన్‌బరోలో ఫ్రాన్సిస్ హోమ్ 1756లో బట్టలు తెల్లబరిచే బూడిద నాణ్యాన్ని ఆమ్లం చెంచాలతో లెక్కగట్టాడు. ఎన్ని చెంచాలకు పొంగు ఆగితే బూడిదలో అంత సత్తువ. నిజామాబాద్ పసుపు యార్డులో కాడి, గోళ రకాలు వేరు చేసి చూపించినా ఈ మధ్య కర్కుమిన్ ఎంత శాతమని అడుగుతున్నారు కదా, అదీ ఈ కోవలోదే. కొనేవాడికి అనుమానం పుడితేనే కొలత పుడుతుంది. పారాణిని అంగడిలో బలం చూసి కొనలేదు కాబట్టి, రంగు మారడం తరతరాలుగా తెలిసినా దానితో దేన్నైనా కొలవాలన్న అవసరం మనకు రాలేదని నా ఊహ.

పొంగును వదిలి రంగును నమ్ముకోవడంతో కథ మలుపు తిరిగింది. ఆమ్లాలకు, క్షారాలకు పూల రసాల రంగు మారుతుందని రాబర్ట్ బాయిల్ 1664లోనే రాశాడు. విలియం లూయిస్ 1767లో పొటాష్ బలం చూడటానికి లిట్మస్ పూసిన కాగితం వాడాడు. ఆ తర్వాతి దశాబ్దంలో స్వీడన్ రసాయనవేత్త టోర్బెర్న్ బెర్గ్‌మన్ నీళ్ల పరీక్షకు పనికొచ్చే రంగుల్లో లిట్మస్ పక్కన పసుపునూ చేర్చాడు. పందొమ్మిదో శతాబ్దపు రసాయనశాలల్లో పసుపు కాగితం మామూలు సరుకు. ఆమ్లంలో ముంచితే ఉలకదు, క్షారం తగిలితే ఎర్రటి గోధుమరంగుకు తిరుగుతుంది.

ఇంగ్లండులో సిర్కా మీద పన్ను ఉండేది. సాంద్రత చూసి పన్ను వేద్దామంటే కుదరదు, సిర్కాలో జిగురూ మిగిలిపోయిన ఆల్కహాలూ కలిసి లెక్కను తారుమారు చేస్తాయి. దాంతో అక్కడి వ్యాపారంలో నంబర్లు వచ్చాయి. ఒక ద్రవ ఔన్సు సిర్కా 24 గ్రెయిన్ల పొడి సోడాను మింగితే అది 24 నంబరు సిర్కా. ఇప్పటి లెక్కలో దాదాపు ఆరు శాతం. సీసా మీద అంకె వేయడమంటే జోఫ్రువా లెక్కను అచ్చు వేయడమే.

టైట్రేషన్ అన్న మాట వెనక ఉన్నది ‘టైటర్’. ఫ్రెంచి వాళ్లు వెండి బంగారాల మేలిమిని అట్లా అనేవాళ్లు. ఫ్రెంచి రసాయనవేత్త గే-లుసాక్ 1830 ప్రాంతంలో ప్యారిస్ టంకశాలలో వెండి మేలిమిని ద్రావణం కొలిచి చెప్పాడు. బ్యూరెట్, పిపెట్ అనే పేర్లు స్థిరపడింది కూడా ఆయన రాతల్లోనే. మేలిమికి మనకు ‘వన్నె’ ఉంది. వన్నె అంటే రంగు కూడా. రంగు చూసి మేలిమి చెప్పే ఈ పనికి ఇంతకన్నా అతికిన మాట దొరకదు. అంశమాపనం అని పేరు పెట్టిన పెద్దలకు ఇది ఎందుకు తట్టలేదో!

ఆ తర్వాత కథ వేగంగా నడిచింది. జర్మనీలో ఫ్రీడ్రిష్ మోర్ 1855లో ఈ పద్ధతులన్నీ పుస్తకంగా వేశాడు. బ్యూరెట్ అడుగున రబ్బరు గొట్టం, దానికి నొక్కే క్లిప్పు ఆయన పుణ్యమే. 1871లో జర్మన్ రసాయనవేత్త బేయర్ తయారుచేసిన ఫినాఫ్తలీన్ 1877లో, ఎక్కడ ఆపాలో రంగు మార్చి చెప్పే సూచికగా బల్ల మీదికొచ్చింది.

ఇప్పటి లెక్క ఇట్లా ఉంటుంది. 5 మి.లీ. సిర్కా ఫ్లాస్కులో తీసుకుని నీళ్లు పోసి పలచన చేస్తారు. బెల్లపు రంగున్న చెరకు సిర్కా అయితే ఇంకా ఎక్కువ నీళ్లు పోయాలి, లేకపోతే రంగు మారినా కనపడదు. బ్యూరెట్‌లో 0.1 నార్మల్ కాస్టిక్ సోడా. దాని ఒక్కో మి.లీ. 0.006 గ్రాముల ఎసిటిక్ ఆమ్లాన్ని తీరుస్తుంది. 31.25 మి.లీ. పట్టిందంటే 100 మి.లీ. సిర్కాలో 3.75 గ్రాముల ఆమ్లం ఉన్నట్టు. మన ఆహార ప్రమాణాల్లో వెనిగర్‌కు కనీస గీత అదే.

సూచిక ఏదైనా ఫరవాలేదా? మిథైల్ ఆరెంజ్ వేస్తే మూడో వంతు ఆమ్లం కూడా తీరకముందే అయిపోయిందని రంగు మార్చి చూపిస్తుంది. సిర్కా బలహీనమైన ఆమ్లం. అది పూర్తిగా తీరేసరికి ద్రావణం పీహెచ్ 8.7 దగ్గర, కాస్త క్షారం వైపు ఉంటుంది. ఫినాఫ్తలీన్ 8.2 దాటాకే గులాబీ రంగు ఎత్తుకుంటుంది కాబట్టి సరిపోయింది.

మరి పసుపు? అది 7.4 దగ్గర తిరగడం మొదలుపెట్టి 8.6కు పూర్తిగా ఎర్రబడుతుంది. మొదలైన చోటే ఆపేసినా, లెక్క వేస్తే పైన చెప్పిన 31 మి.లీ.లో తేడా ఒకటి రెండు చుక్కలే. అంటే కొమ్ము దంచి స్పిరిట్‌లో నానబెట్టుకుంటే సిర్కా వన్నె చూడటానికి సూచిక సిద్ధం. ఇబ్బంది కంటికే. ఏ రంగూ లేని నీళ్లలో గులాబీ పుట్టడం ఒక్క చుక్కకే తెలుస్తుంది, పచ్చదనం మెల్లగా ఎరుపెక్కడం అట్లా తెలియదు. పక్కన ఇంకో ఫ్లాస్కులో అంతే పసుపు, అంతే సిర్కా సోడా పోయకుండా పెట్టుకుని, దానితో పోల్చి చూస్తూ పోతే పని జరుగుతుంది. ఆఖరి చుక్క దాటిపోయామా అని అనుమానం వస్తే కాసింత సిర్కా వేయండి. పారబోసిన ఎర్రనీళ్లలో మనం చూడని పచ్చదనం ఫ్లాస్కులో కనపడుతుంది.