డార్విన్‌లో ఉండటమా, అడిలైడ్ వెళ్ళటమా?

మన కుటుంబాలు నాలుగు ఒకచోట చేరితే భోజనాలయ్యేసరికి ఈ ప్రశ్న వచ్చి తీరుతుంది. పిల్లలు హైస్కూలుకు వచ్చారనో, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు అక్టోబరు ఉక్క తట్టుకోలేకపోతున్నారనో, వీసాకు కావలసిన గడువు తీరిందనో, ఇక అడిలైడ్ వెళ్దామంటారు. అక్కడ చలికాలం, ద్రాక్షతోటలు, 1874 నాటి విశ్వవిద్యాలయం. ఇక్కడ కుంభవృష్టి, మొసళ్ళు, మూడువేల కిలోమీటర్లు లారీలో వచ్చిన కూరగాయలు. లెక్క ఇంతే అయితే తేల్చడం సులభం. అయితే ఈ రెండు చోట్లూ ఒకప్పుడు ఒకే ప్రభుత్వం కింద ఉండేవి. ఆ చరిత్ర కూడా లెక్కలోకి రావాలని మా అభిప్రాయం.

1863లో బ్రిటిష్ ప్రభుత్వం టెరిటరీని సౌత్ ఆస్ట్రేలియాకు అప్పగించింది. 1869లో సర్వేయర్ జనరల్ గోయ్డర్ వచ్చి, లరకియా ప్రజల నేల మీద వారి అనుమతి లేకుండానే వీధులు గీశాడు. 1872లో పోర్ట్ అగస్టా నుంచి ఇక్కడికి సుమారు 3200 కిలోమీటర్ల తంతి తీగ పూర్తయింది. ఆనాడు లండన్ కబురు మద్రాసు, సింగపూరు, జావా దాటి డార్విన్‌లో ఒడ్డెక్కి, అడిలైడ్ చేరేది. ఇల్లు అడిలైడ్, వాకిలి డార్విన్ అన్నమాట. వాకిట్లో పనికి మనుషులు కావాలి గదా! 1882లో అడిలైడ్ శాసనసభ ఇక్కడికి భారతీయ కూలీలను రప్పించడానికి చట్టం చేసింది. అది అమలు కాలేదు. పైన్ క్రీక్ దాకా 1889లో పూర్తయిన రైలు మార్గానికి పట్టాలు వేసింది ముఖ్యంగా చైనీయులు. వారి వలసను మాత్రం 1888లోనే కట్టడి చేశారు.

ఇంత చేసినా అడిలైడ్ పాలనలో ఒక మేలు ఉండేది. 1894లో సౌత్ ఆస్ట్రేలియా స్త్రీలకు ఓటుతో పాటు పోటీ చేసే హక్కూ ఇచ్చింది. అప్పటికి ప్రపంచంలో చాలా శాసనసభలు ఆ రెండూ ఇవ్వలేదు. టెరిటరీ అందులో భాగం కనుక ఇక్కడి స్త్రీలకూ ఆ హక్కు దక్కింది. 1901లో తొలి ఫెడరల్ ఎన్నికల్లో ఇక్కడివారు ఓటు వేశారు. తరవాత అడిలైడ్‌కు అప్పులు బరువయ్యాయి. 1911 జనవరి 1న టెరిటరీని కేంద్రానికి వదిలేసింది. ఆ రోజుతో ఇక్కడి ఆడామగా అందరి ఓటూ పోయింది! పన్ను మాత్రం ఉంది. 1918లో జనం తిరగబడి గవర్నమెంట్ హౌస్ మీదికి నడిచారు. వారి నాయకుడు హెరాల్డ్ నెల్సన్ పన్ను కట్టనని జైలుకు వెళ్ళి, 1922లో పార్లమెంటు సభ్యుడయ్యాడు. సభలో కూర్చోవచ్చు, మాట్లాడవచ్చు, ఓటు వేయరాదు. టెరిటరీ సభ్యుడికి పూర్తి ఓటు 1968లో గాని రాలేదు. ఇక ఆదివాసులకు ఫెడరల్ ఎన్నికల్లో ఓటు హక్కు స్థిరపడింది 1962లో.

1953, 1956, 2014 సంవత్సరాలు చెబితే చాలు, విలీనమూ విభజనా మనకు వివరించనక్కరలేదు. 1956 పెద్దమనుషుల ఒప్పందం ఏమైందో తెలిసినవాళ్ళం. ఇక్కడి ఒప్పందమూ ఆ బాపతే. టెరిటరీని తీసుకుంటూ, దక్షిణం నుంచి డార్విన్‌కు రైలు వేస్తామని కేంద్రం మాట ఇచ్చింది. 1929లో ఆలిస్ స్ప్రింగ్స్ దాకా వచ్చి ఆగింది. అడిలైడ్ నుంచి మొదటి ప్రయాణికుల రైలు డార్విన్ చేరింది 2004 ఫిబ్రవరిలో. స్వపరిపాలన 1978లో వచ్చినా టెరిటరీ ఇంకా రాష్ట్రం కాలేదు. 1998లో రాష్ట్రం కావాలా అని అడిగితే స్వల్ప ఆధిక్యతతో వద్దన్నది ఇక్కడి ప్రజలే. అంతకు ముందటి సంవత్సరమే ఇక్కడి శాసనసభ చేసిన కారుణ్య మరణ చట్టాన్ని కాన్‌బెర్రా రద్దు చేసింది. మరి ఎందుకు వద్దన్నారో అని మేము ఇప్పటికీ ఆశ్చర్యపడుతుంటాము.

1974 క్రిస్మస్ తెల్లవారుజామున ట్రేసీ తుఫాను ఊరిని నేలమట్టం చేసింది. 66 మంది పోయారు. వారం తిరక్కుండా, 47 వేల జనాభాలో ముప్పైవేల మందికి పైగా విమానాల్లో, కార్లలో దక్షిణాది నగరాలకు తరలిపోయారు. చాలామంది తిరిగి రాలేదు. మూడేళ్ళ తరవాత, 1977 నవంబరు 19న, మన దివిసీమలో ఉప్పెన సుమారు పదివేల మందిని తీసుకుపోయింది. బతికినవారిలో ఎక్కువమంది మళ్ళీ ఆ ఉప్పునీటి పొలాల్లోనే నిలబడ్డారు. వెళ్ళడానికి వేరే చోటు ఉండటమూ ఒక సంపదే. జీవన ప్రమాణాల పట్టికల్లో దాన్ని ఎవరూ వేయరు.

2021 జనాభా లెక్కలు చూడండి. టెరిటరీలో కుటుంబాల మధ్యస్థ ఆదాయం వారానికి 2061 డాలర్లు, సౌత్ ఆస్ట్రేలియాలో 1455. మధ్యస్థ వయస్సు ఇక్కడ 33, అక్కడ 41. డబ్బూ వయసూ మనవైపే ఉన్నాయని సంతోషించేలోపు ఇంకో అంకె ఎదురవుతుంది: దేశం మొత్తంలో ఆయుర్దాయం అతి తక్కువ ఉన్నది టెరిటరీలోనే. ఆ ఆదాయంలో మనబోటి ఉద్యోగస్తుల జీతాలు ఉన్నాయి. ఆ ఆయుర్దాయంలో, జనాభాలో నాలుగో వంతుకు పైగా ఉన్న ఆదివాసుల ఇళ్ళు, నీళ్ళు, వైద్యం ఉన్నాయి. నాలుగేళ్ళుండి వెళ్ళిపోయేవారి సుఖమూ, ఎక్కడికీ పోనివారి కష్టమూ కలిపి తీసిన సగటును చూసి మనం ఊరికి మార్కులు వేస్తున్నాము.

కనుక వెళ్ళదలచినవారిని మేము ఆపడం లేదు. పెద్దవాళ్ళకు గుండె ఆపరేషన్ అవసరమైతే ఇక్కడివారిని అడిలైడ్ పంపుతారు. అది న్యాయమైన కారణమే. పిల్లల చదువు కోసమంటే మాత్రం ఒకసారి విచారించుకోండి. ఇక్కడి పన్నెండో తరగతి సర్టిఫికెట్ పేరు వేరైనా, ఆ చదువు నడిపేది సౌత్ ఆస్ట్రేలియా బోర్డే. 1911లో అడిలైడ్ మనల్ని వదిలేసింది గాని, పరీక్ష పేపర్లు ఇప్పటికీ అక్కడినుంచే వస్తున్నాయి.