భరత్‌పూర్ బాతుల వేట: రుతువు ముగింపు, సంప్రదాయపు ముగింపు

ఉపోద్ఘాతం:

రాజస్థాన్‌లోని భరత్‌పూర్ పట్టణం పక్కన సుమారు 29 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంలో ఉన్న కేవలాదేవ్ జాతీయ ఉద్యానం నేడు వలస పక్షుల ఆశ్రయంగా ప్రసిద్ధి పొందింది. ఒకప్పుడు ఇది భరత్‌పూర్ మహారాజుల సొంత బాతుల వేటభూమి. ఉద్యానం మధ్యనున్న కేవలాదేవ్ శివాలయం సమీపంలోని శిలాఫలకం ఆ గతానికి సాక్ష్యం. వేట జరిగిన తేదీ, ముఖ్య అతిథి పేరు, నేలకూలిన పక్షుల సంఖ్య దానిపై వరుసగా చెక్కి ఉన్నాయి. ఈ వేట సంప్రదాయంలో ఏటేటా రుతువు ఎలా ముగిసేదో, చివరకు ఆ సంప్రదాయమే ఎలా ముగిసిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. వేటగాళ్లతోపాటు ఆ నేలను వాడుకున్న పశుపాలకులను కూడా లెక్కలోకి తీసుకుంటేనే ఈ చరిత్ర సమగ్రమవుతుందని ఇక్కడి ప్రతిపాదన.

1. నీటిపై నిర్మించిన వేటభూమి:

ఈ చిత్తడినేల పూర్తిగా ప్రకృతి సిద్ధం కాదు. గంభీర్, బాణగంగ నదుల వరదనీరు చేరే పల్లపు ప్రాంతమిది. 18వ శతాబ్దిలో మహారాజా సూరజ్‌మల్ కాలంలో అజాన్ కట్ట నిర్మాణంతో ఇక్కడ నీటి నియంత్రణకు పునాది పడింది. 19వ శతాబ్ది ద్వితీయార్ధంలో కాలువలు, గట్లు, తూములు ఏర్పరచి పల్లపు నేలను మడులుగా విభజించారు. వర్షాకాలంలో కట్ట నుంచి నీరు వదిలి మడులను నింపేవారు. చలికాలంలో మధ్య ఆసియా, సైబీరియా ప్రాంతాల నుంచి వచ్చే సూదితోక బాతులు, చెంచామూతి బాతులు మొదలైనవి ఆ నీటిలో దిగేవి. కనుక వేటకు కావలసిన మొదటి ఆయుధం తుపాకి కాదు, తూము. పక్షుల రాకకు ఎంత లోతు నీరు కావాలో ఎరిగిన పాలనా వ్యవస్థ ఈ సంప్రదాయానికి ఆధారం.

2. వేట, రాజకీయం:

1902లో వైస్రాయి లార్డ్ కర్జన్ అతిథిగా జరిగిన వేటతో ఈ ప్రాంతం రాజలాంఛనాల పట్టికలో స్థిరపడింది. 1938 నవంబరు 12న లార్డ్ లిన్‌లిత్‌గో గౌరవార్థం జరిగిన వేటలో ఒక్కరోజులో 4,273 పక్షులు నేలకూలాయి. ఈ సంఖ్యలను కేవలం క్రౌర్యానికి లెక్కలుగా చదివితే సరిపోదు. బ్రిటిష్ సార్వభౌమత్వం కింద స్వతంత్ర విదేశీ సంబంధాలకు అవకాశంలేని సంస్థానాధీశునికి వైస్రాయితో సాన్నిహిత్యమే రాజకీయ మూలధనం. వేట ఆతిథ్యం ఆ సాన్నిహిత్యానికి వేదిక. అందుకే సంఖ్యను శిలపై చెక్కవలసి వచ్చింది.

అదే శిల మరికొన్ని విషయాల్లో మౌనం వహించింది. పక్షులను లేపినవారు, నీళ్లలో దిగి చచ్చిన బాతులను ఏరి తెచ్చినవారు, తూములను కాచినవారు అందులో లేరు. అతిథికి పేరుంది, పక్షికి సంఖ్య ఉంది. శ్రమించినవారికి ఆ రెండూ లేవు.

3. రుతువు ముగింపు:

ఫలకంలోని అతిపెద్ద వేట నవంబరులో, అంటే రుతువు ఆరంభదశలో జరిగింది. ఎప్పుడు వేటాడాలన్నది అతిథి పర్యటనను బట్టి నిర్ణయమైనా, ఎప్పుడు ఆపాలన్నది నీటి చేతిలో ఉండేది. ఫిబ్రవరి నాటికి మడుల్లో నీరు బాగా తగ్గుతుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో వలస బాతులు ఉత్తరదిశగా తరలిపోతాయి. జూన్ నాటికి కొన్ని గుంటలు మాత్రమే మిగులుతాయి.

నీరు తీసిన నేల ఖాళీగా ఉండేది కాదు. చుట్టుపక్కల గ్రామాల గేదెలకు, ఆవులకు ఇది చిరకాలంగా మేతనేల. రాజుగారి ఆస్తి అయినప్పటికీ పచ్చికపై గ్రామస్థుల వాడుక కొనసాగింది. ఈ విధంగా ఒకే నేలపై వేట హక్కు, మేత వాడుక కలిసి సాగాయి.

4. సంప్రదాయపు ముగింపు:

స్వాతంత్ర్యానంతరం 1956లో ఈ ప్రాంతం పక్షి సంరక్షణ కేంద్రమైంది. అయినా మాజీ మహారాజు వేట హక్కులు నిలిచాయి. చివరి పెద్ద వేట 1964లో జరిగింది. 1971లో 26వ రాజ్యాంగ సవరణ రాజభరణాలను రద్దు చేసింది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. ఆ ఏటితో వేట హక్కులు అంతరించాయి. 1981లో ఈ చిత్తడినేల రామ్‌సర్ జాబితాలోను, 1985లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోను చేరింది.

వేటగాడు తొలగిన పదేళ్లకు పశుపాలకుడు కూడా తొలగవలసి వచ్చింది. జాతీయ ఉద్యానంగా మారిన పిమ్మట 1982లో మేతను నిషేధించారు. ప్రతిఘటించిన గ్రామస్థులపై పోలీసు కాల్పులు జరిగి పలువురు మరణించారు. ఆపై బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ దీర్ఘకాలిక అధ్యయనం ఊహించని ఫలితాన్ని చూపింది. గేదెలు మేయకపోవడంతో నీటిగడ్డి దట్టంగా పెరిగి మడులను కమ్మింది. బాతులకు అవసరమైన తేటనీటి జాగా కుంచించుకుపోయింది. 1990లో రామ్‌సర్ ఒప్పందానికి చెందిన మాంట్రూ పట్టికలో, అంటే పర్యావరణ స్వభావం దెబ్బతింటున్న చిత్తడినేలల జాబితాలో, ఈ ప్రాంతం చేరింది. అందుకు చూపిన కారణాలు రెండు: నీటి కొరత, మేత విధానంలో అసమతౌల్యం.

ముగింపు:

భరత్‌పూర్ వేట సంప్రదాయాన్ని సంరక్షణకు తొలిమెట్టుగా కీర్తించడం అతిశయోక్తి. కేవలం విధ్వంసంగా కొట్టివేయడం అసంపూర్ణం. వేట కోసం రూపొందిన నీటి వ్యవస్థ చిత్తడినేలను నిలబెట్టింది. ఆ నేలను తెరిపిగా ఉంచడంలో పశువుల మేతకు పాత్ర ఉంది. 1972లో ముగిసింది ఒక కుటుంబపు విశేషాధికారం. 1982లో ముగిసింది గ్రామాల జీవనాధారం. ఈ రెంటినీ ఒకే సంస్కరణలోని దశలుగా చూడడం చారిత్రక దోషం. శిలాఫలకం నమోదు చేయని వ్యక్తులను సంరక్షణ చట్టం కూడా నమోదు చేయలేదు. ఆ పశుపాలకుల, కూలీల మౌఖిక చరిత్రను సేకరించడం ఈ రంగంలోని పరిశోధకుల ముందున్న తక్షణ కర్తవ్యం.