ఆ బకెట్ ఖాళీగా ఉంది

2017 ఫిబ్రవరి 1, బుధవారం. వసంత పంచమి. భంజనగర్‌లో ఇంకా తెల్లవారలేదు. ఒడిశాలో ఆ రోజు బడి బడిలో సరస్వతీ పూజ. పిల్లలు పుస్తకాలు తెచ్చి అమ్మవారి ముందు పెట్టే రోజు. సరిగ్గా ఆ తెల్లవారుజామున ఐదు గంటల ప్రాంతంలో, దేశదేశాల ప్రోగ్రామర్లు తాము రాసిన కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ డాట్ కామ్‌లో ఒక ఇంజినీరు నల్లటి తెర మీద ఒక కమాండ్ టైపు చేసి ఎంటర్ నొక్కారు.

ఒకటి రెండు సెకన్లలోనే ఆయనకు అనుమానం వచ్చింది. కమాండ్‌ను ఆపేశారు. అప్పటికే ఆలస్యమైపోయింది. దాదాపు 300 జీబీ డేటాబేస్‌లో మిగిలింది సుమారు నాలుగున్నర జీబీ.

ఆ రాత్రి ఏం జరిగిందో గిట్‌ల్యాబ్ దాచుకోలేదు. గంట గంటకూ ఏమైందో తానే రాసి లోకం ముందు పెట్టింది. ఈ కథనానికి ఆధారం అదే. గంటలన్నీ మన గడియారం ప్రకారం చెప్పుకుందాం.

రాత్రి 10.50

జనవరి 31 రాత్రి. కొత్త ఏర్పాటు ఒకటి పరీక్షించడానికి ఆ ఇంజినీరుకు తాజా డేటా కావలసివచ్చింది. అసలు డేటాబేస్‌కు ఒక స్నాప్‌షాట్ తీసి, ప్రయోగాలకు వాడే స్టేజింగ్ సర్వర్‌లోకి ఎక్కించారు. అలాంటి నకలు రోజుకొకసారి తనంతట తనే తయారయ్యేది. ఆ పూట మాత్రం పని అవసరం కొద్దీ ఆయన చేత్తో తీశారు. ఆరు గంటల తర్వాత కంపెనీ మొత్తం దాని మీదే ఆధారపడుతుందని అప్పుడు ఎవరూ ఊహించలేదు.

అర్ధరాత్రి దాటాక డేటాబేస్ మీద భారం పెరిగింది. స్పామర్ల పని అనుకున్నారు. ఒక గిట్‌ల్యాబ్ ఉద్యోగి ఖాతా మీద ఎవరో ఆకతాయితనంతో దుర్వినియోగం కింద ఫిర్యాదు చేస్తే, ఆ ఖాతాను తొలగించే పని వెనకాల నడుస్తోందని, అదీ ఈ భారానికి ఒక కారణమని తర్వాత తేలింది.

తెల్లవారుజామున నాలుగున్నరకు రెండో సర్వర్ వెనకబడిపోయింది. మొదటి సర్వర్‌లో జరిగే ప్రతి మార్పునూ వెంటవెంటనే రాసుకోవడం దాని పని. ఇక అందుకోలేనంత దూరం వచ్చేసింది కాబట్టి, అందులో ఉన్నదంతా తుడిచి మొదటినుంచి మళ్లీ కాపీ చేయాలి. ఆ కాపీ కమాండ్ ఎంతకూ కదలదు, ఎందుకు కదలడం లేదో ఒక్క ముక్కా చెప్పదు. పాత ఫోల్డర్ అడ్డొస్తోందేమో అనుకున్నారు. తీసేద్దామనుకున్నారు.

రెండు సర్వర్లకూ పేర్లలో తేడా ఒక్క అంకె. ఒకటి డీబీ1, ఇంకొకటి డీబీ2. తుడవాల్సింది డీబీ2. ఆయన అప్పుడున్న కిటికీ డీబీ1ది. అసలు డేటా ఉన్నది అందులోనే.

నకళ్ల వెతుకులాట

గుండె గుభేలుమన్నా, ధైర్యం చిక్కబట్టుకోవడానికి ఒక ఆధారం ఉందనే అనుకున్నారు. రోజూ డేటాబేస్ మొత్తాన్ని ఒక ఫైలుగా కట్టి, బయట అమెజాన్ ఎస్3 నిల్వలోకి పంపే ఏర్పాటు ఉంది. ఎస్3లో సరుకు దాచే చోటుకు బకెట్ అని పేరు. దానికో చిరునామా, తెరవడానికి రహస్య సంకేతాలు ఉంటాయి. కమాండ్ లైన్ అనే ఆ నల్లటి తెర నుంచి ఒక వాక్యం టైపు చేస్తే చాలు, లోపల ఏమున్నాయో వరసగా చెబుతుంది.

చూశారు. ఏమీ లేవు. బకెట్ ఖాళీ.

కారణం ఆ తర్వాత బయటపడింది. డేటాబేస్ నడుస్తున్నది పోస్ట్‌గ్రెస్ అనే సాఫ్ట్‌వేర్ 9.6 వెర్షన్ మీద. దాన్ని ఫైలుగా కట్టే పనిముట్టు మాత్రం 9.2ది. రెండింటికీ పొసగక ఆ పని రోజూ తప్పుతూనే వచ్చింది. తప్పినప్పుడల్లా ఒక ఈమెయిల్ వెళ్లేలా ఏర్పాటుంది. ఆ ఈమెయిళ్లకు కావలసిన ధ్రువీకరణ లేదని, అందుకునే సర్వర్ వాటిని తిప్పికొట్టింది. హెచ్చరిక పుట్టింది కానీ ఏ మనిషికీ చేరలేదు. ఉత్తరం రాలేదు కాబట్టి అంతా బాగుందనుకున్నారు.

మిగతా దారులూ మూసుకుపోయాయి. అజ్యూర్ క్లౌడ్‌లోని డిస్కుల స్నాప్‌షాట్లు ఫైళ్ల సర్వర్లకు ఉన్నాయి, డేటాబేస్ సర్వర్లకు పెట్టలేదు. రెండో సర్వర్‌ను ఆ రాత్రే తుడిచారు. నకళ్ల కోసం ఐదు రకాల ఏర్పాట్లు చేసుకున్న సంస్థకు, అవసరం పడిన పూట వాటిలో ఒక్కటీ నమ్మకంగా అక్కరకు రాలేదు.

గుడ్డిలో మెల్లగా మిగిలింది, రాత్రి 10.50కి చేత్తో తీసిన ఆ స్నాప్‌షాటే.

పద్దెనిమిది గంటలు

స్టేజింగ్ సర్వర్ డిస్కులు నెమ్మదైనవి. కాపీ సెకనుకు సుమారు 60 మెగాబిట్ల వేగంతో సాగింది. తొందరపెట్టడానికి మార్గం లేదు. ఆ పద్దెనిమిది గంటలూ గిట్‌ల్యాబ్ చేసిన పని గొప్పది. పనిచేస్తున్నవాళ్లను యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపించింది. రాసుకుంటున్న నోట్సును అందరికీ తెరిచిపెట్టింది. వేలమంది చూశారు. తిట్టినవాళ్లకంటే ధైర్యం చెప్పినవాళ్లే ఎక్కువగా కనిపించారు. తప్పును ఆ ఒక్క ఇంజినీరు నెత్తిన వేయలేదు, బయటికిచ్చిన నివేదికలో ఆయన పేరూ రాయలేదు. ఒక మనిషి చేయి జారితే సంస్థంతా కూలే ఏర్పాటు ఎందుకుంది అన్నదే వాళ్లు వేసుకున్న ప్రశ్న.

ఫిబ్రవరి 1 రాత్రి పదకొండున్నర దాటాక సైటు మళ్లీ తెరుచుకుంది. కోడ్ పోలేదు, అది వేరే సర్వర్లలో ఉంది. ఆ ఆరు గంటల్లో రాసిన మిగతా సమాచారం మాత్రం తిరిగి రాలేదు. గిట్‌ల్యాబ్ లెక్కలో అది సుమారు 5,000 ప్రాజెక్టులు, 5,000 వ్యాఖ్యలు, 700 కొత్త ఖాతాల వరకు.

నిల్వ ఇచ్చేవాడికీ తప్పలేదు

అదే నెల ఆఖరి రోజున కమాండ్ లైన్ మరోసారి చేయి కాల్చింది. ఈసారి సాక్షాత్తూ ఎస్3 వంతు. ఫిబ్రవరి 28న, మనకు రాత్రి పదకొండు దాటిన వేళ, బిల్లింగ్ వ్యవస్థ నెమ్మదించిందని సరిచేస్తూ ఒక అమెజాన్ ఉద్యోగి కొన్ని సర్వర్లను తప్పించే కమాండ్ ఇచ్చారు. అందులో ఒక వివరం తప్పు పడింది. అనుకున్నదానికంటే చాలా ఎక్కువ సర్వర్లు ఆగిపోయాయి. ఉత్తర వర్జీనియా కేంద్రం మీద ఆధారపడిన సైట్లు నాలుగు గంటలకు పైగా ఇబ్బంది పడ్డాయి. అంతరాయాన్ని చూపించాల్సిన అమెజాన్ సొంత పేజీ కూడా ఎస్3 మీదే ఆధారపడి ఉండడంతో కొంతసేపు ఆ సంగతే చెప్పలేకపోయింది. తర్వాత ఆ పనిముట్టును మార్చారు. సర్వర్లను నెమ్మదిగానే తప్పిస్తుంది, కనీస సంఖ్యకు దిగువకు పోనివ్వదు.

ఎవరు నడిపినా, నల్ల తెర మనసులో మాట చదవదు. రాసిందే చేస్తుంది. ఉదాహరణకు, ఆర్‌క్లోన్ అనే ఉచిత పనిముట్టుతో రకరకాల క్లౌడ్ నిల్వలను ఒకే తీరులో నడపొచ్చు. అందులో సింక్ అంటే రెండో చోటును మొదటి చోటులాగే చేయడం. ఇక్కడ లేని ఫైలును అక్కడా తీసేస్తుంది. పొరపాటున ఖాళీ ఫోల్డర్‌ను చూపిస్తే అక్కడి నకలు తుడిచిపెట్టుకుపోతుంది. అందుకే ముందు డ్రై రన్ చేయాలి. ఏమేం మారుతుందో చెబుతుంది కానీ దేన్నీ ముట్టుకోదు. చెక్ కమాండ్ రెండువైపుల ఫైళ్లనూ పోల్చి చూస్తుంది. బకెట్‌కు వెర్షనింగ్ పెట్టుకుంటే చెరిపిన ఫైలు పాత రూపమూ ఉంటుంది.

గంజాంకు తెలిసిన పాఠం

భంజనగర్ ఉన్న గంజాం జిల్లా ఇదే పాఠాన్ని తుపానుల దగ్గర నేర్చుకుంది. 1999 అక్టోబరులో మొదట గోపాలపూర్ తీరాన్ని ఒక తుపాను కొట్టింది. పన్నెండు రోజులకే పారాదీప్ దగ్గర సూపర్ సైక్లోన్. రాష్ట్రంలో దాదాపు పదివేల మంది పోయారు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. అప్పటికి దాదాపు పది లక్షల మందిని ముందే తరలించారు. పోయిన ప్రాణాలు పదుల్లోనే ఉన్నాయి. షెల్టర్లు కట్టడంతో సరిపెట్టలేదు. హెచ్చరిక చివరి ఊరిదాకా చేరేలా చూసుకున్నారు, తుపాను లేని రోజుల్లో మాక్ డ్రిల్లులు చేశారు. గిట్‌ల్యాబ్‌కు లోపించింది ఈ సాధనే. నకలు పంపే ఏర్పాటు ఉండేది, తిరిగి దించి చూసే అలవాటు ఉండేది కాదు.

ఈ మాట పెద్ద కంపెనీలకే కాదు. భంజనగర్‌లో పెళ్లి ఫొటోలు క్లౌడ్‌లో పెట్టే స్టూడియోకి, రికార్డులు ఎక్కించే బడికి, ఖాతాలు కంప్యూటర్‌లో రాసే దుకాణానికి, హైదరాబాద్‌లోనో విశాఖలోనో సర్వర్లు చూసే ఇక్కడి తెలుగిళ్ల పిల్లలకూ వర్తిస్తుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు. ఎంటర్ నొక్కేముందు తెర మీదున్న సర్వర్ పేరు పైకి చదవండి. నకలు తప్పినప్పుడు వచ్చే హెచ్చరిక నిజంగా మీ ఫోనుకు చేరుతుందో లేదో, కావాలని ఒకసారి తప్పించి చూడండి. ఈ వారమే ఏదో ఒక ఫైలును వెనక్కి దించి, తెరిచి, చదవండి. తెరుచుకుంటే మీకు నకలు ఉన్నట్టు. తెరుచుకోకపోతే, అసలు ఇంకా చేతిలో ఉండగానే తెలిసింది కాబట్టి సరిచేసుకోవడానికి టైముంది.