దినమునకు ఒక పెన్నీ: సూరతున ముగిసిన యాత్ర

ఉత్తరమునుండి రైలులో సూరతునకు వచ్చువారికి తపతీనది కనబడుటకు ముందు కోసాడ్ అను చిన్న స్టేషను తగులును. తరువాత ఉత్రాణ్, ఆవల వంతెన, అంతట నగరము. ఒకప్పుడు వేరు గ్రామమైన కోసాడ్ నేడు నగరములో కలిసిపోయినది. తెలంగాణ జిల్లాలనుండి వెళ్లి సూరతు మగ్గములపై జీవించుచున్న మన పద్మశాలి కుటుంబములవారు ఎందరో ఆ ప్రాంతముల నెరుగుదురు. కోసాడ్ ఉన్న ఉత్తరపుటొడ్డుననే, పడమట సముద్రతీరమున సువాలీ రేవు కలదు. మొగలాయీల కాలమున ఇంగ్లీషు ఓడలు లంగరు వేసిన చోటది. అచ్చట రాజ్‌గరి గ్రామసమీపమున ఒక గుమ్మటము నిలిచియున్నది. కాలినడకను హిందూదేశమునకు వచ్చిన టామస్ కోర్యాట్ అను ఇంగ్లీషువాని సమాధి యని దానికి ప్రసిద్ధి.

కోర్యాట్ ఇంగ్లండులో సోమర్సెట్ మండలమందలి ఆడ్కూంబు గ్రామమువాడు. ఆక్స్‌ఫర్డులో చదివెను గాని పట్టము పుచ్చుకొనలేదు. యువరాజు హెన్రీ కొలువులో చేరి, మాటకారితనముచే నలుగురిని నవ్వించుచు కాలము గడపెను. 1608లో వెనిసు నగరమువరకు పోయి, అధికభాగము నడచియే మరలివచ్చి, తొడిగిన చెప్పులను తన గ్రామపు చర్చిలో వ్రేలాడగట్టెను. 1611లో ఆ యాత్రను గ్రంథముగా ప్రకటించెను. భోజనమునకు ముళ్లగరిటె వాడు ఇటలీవారి అలవాటును స్వదేశమున అనుకరించి పరిహాసమునకు గురియైన వాడును ఈతడే.

1612లో మరల బయలుదేరి కాన్‌స్టాంటినోపిల్, జెరూసలేము చూచుకొని, 1614 సెప్టెంబరులో అలెప్పో నగరమును విడిచెను. దియార్‌బకిర్ పట్టణమున ఒక తురుష్క ఆశ్వికుడు ఆతని ధనములో అధికభాగమును దోచుకొనెను. మిగిలినదానితోనే తబ్రీజు, కజ్వీను మీదుగా ఇస్ఫహాను చేరెను. అచ్చటినుండి లాహోరునకు ఒంటరిగా పోవుట ప్రాణాపాయము. కావున ఒక బిడారులో కలిసెను. అందు 2000 ఒంటెలు, 1500 గుఱ్ఱములు, వేయికి పైగా కంచరగాడిదలు, 800 గాడిదలు, 6000 మంది మనుష్యులు ఉండిరని ఆతడే జాబులో వ్రాసెను. కాందహారు మీదుగా లాహోరు చేరుటకు నాలుగు మాసములు పట్టెను. దారిలో ఎదురైన సర్ రాబర్ట్ షెర్లీ దంపతులు ఆతనిని గుర్తించి ఆదరించిరి. ఆ యిల్లాలు 40 షిల్లింగుల విలువగల పారశీకనాణెముల నిచ్చెను. లాహోరునుండి ఆగ్రాకు 20 దినముల ప్రయాణము. ఇరువైపుల చెట్లు గల ఆ బాటవంటిది తాను మరియెచ్చటను చూడలేదని ఆతడు మురిసిపోయెను.

1615 జూలైలో ఆతడు అజ్మీరు చేరెను. అలెప్పోనుండి అచ్చటికి పదిమాసములలో ఆతనికైన వ్యయము మూడు పౌనులు మాత్రమే. అందును పది షిల్లింగులు మోసగాండ్ర పాలయ్యెను. అనగా నిజమైన ఖర్చు 50 షిల్లింగులు. కొన్ని దేశములలో దినమునకు ఒక పెన్నీతో తృప్తిగా భుజించితినని గర్వముగా చెప్పుకొనెను. ఏ కచేరీలోనైనను ప్రయాణబత్తెపు బిల్లులు తనిఖీచేయు గుమాస్తా ఈ లెక్క చూచినచో ముందు నమ్మడు, పిమ్మట నమస్కరించును. అయితే ఈ పొదుపు కేవలము కోర్యాట్ ప్రతిభ కాదు. బిడారు రక్షణ, పరులదయ, దారిలోని అన్నపుచౌక, ఈ మూడును కలిసి ఆతనిని నడిపించినవి.

నాలుగవది భాష. ఆతడు తురుష్క, అరబ్బీ, పారశీకభాషలు నేర్చెను. హిందూస్థానీలోను ప్రావీణ్యము పొందెను. నోటిదురుసుతనము గల ఒక చాకలిస్త్రీని ఉదయము ఎనిమిది గంటలలోపల ఆమె భాషలోనే వాదించి నోరు మూయించెనట! ఒకనాడు జహంగీరు గవాక్షముక్రింద నిలిచి పారశీకమున ఉపన్యసించి, తాను లోకము చూడవచ్చిన బీద ఫకీరునని విన్నవించెను. చక్రవర్తిని, ఏనుగులను, గంగానదిని చూచుటకు వచ్చితిననియు, తైమూరు సమాధిని చూచుటకు సమర్కందునకు పోవ ననుజ్ఞాపత్రము కావలెననియు కోరెను. పత్రము లభింపలేదు. చక్రవర్తి గవాక్షమునుండి నూరు రూపాయలు విసరెను. అప్పటికి ఆతని సంచిలో మిగిలినది 20 షిల్లింగులే.

ఈ సంగతి తెలిసి రాయబారి సర్ థామస్ రో కోపించెను. ఇంగ్లీషువాడు బిచ్చమెత్తినచో జాతికి తలవంపులని మందలించెను. కోర్యాట్ తగ్గక బదులు చెప్పెను. ఎవరిది న్యాయము? రాయబారి దొర ఈస్టిండియా కంపెనీ ఖర్చుపై వచ్చినవాడు. చేతిలో కాసులేని యాత్రికునకు దానము పుచ్చుకొనుట దేశాచారమే గాని అవమానము కాదు. అన్నసత్రములు వెలసిన ఈ దేశమున ఆ మాట చెప్పనక్కరలేదు.

ఇట్లే ఆతడు కొండసీమలకును పోయెను. హరిద్వారమున గంగాప్రవాహమును చూచెను. కాంగ్రా లోయలోని నగర్‌కోటలో వెండిరేకులు పరచిన ఆలయమును, జ్వాలాముఖిలో శిలలనుండి వెలువడు మంటలను చూచి వచ్చి, రోకడ పురోహితుడుగా నున్న ఎడ్వర్డ్ టెర్రీకి వర్ణించెను. ఈ విశేషములు నేడు మనకు తెలియుట టెర్రీ గ్రంథస్థము చేయుటవలననే.

1617లో మాండూనందు టెర్రీ గుడారముననే కోర్యాట్ బసచేసెను. ఒకనాడు రో ఎదుట నిలిచియుండి రాతిస్తంభమునకు చేరగిలబడి మూర్ఛపోయెను. తేరుకొనిన పిమ్మట కారణము చెప్పెను. సూరతునకు పోవు దారిలో మరణించినచో తన శ్రమయంతయు మట్టిలో కలియుననియు, తానేమైతినో ఎవరికిని తెలియదనియు తలపు వచ్చినదట. ఇంగ్లండు రాజు ఈతనిగూర్చి, ఆ వెఱ్ఱివాడింకను బ్రతికియున్నాడా యని అడిగెనని ఎవరో చెప్పగా అదియును మనసును గ్రుచ్చెను. రో వ్రాసియిచ్చిన సిఫారసుజాబులో తన్ను నిజాయితీగల దీనుడని పేర్కొనుటకును బాధపడి, ఆ మాట మార్పించుకొనెను. దారిఖర్చునకు చేయి చాచుట కాతడు సిగ్గుపడలేదు. తన నడకకు విలువలేకుండుట మాత్రము సహింపలేకపోయెను.

నవంబరులో ఆతడు సూరతునకు బయలుదేరెను. గ్రహణి అప్పటికే పట్టియుండెను. సూరతులోని ఇంగ్లీషు వర్తకులు ప్రేమాతిశయమున స్వదేశపు ద్రాక్షసారాయము నిచ్చిరి. దానితో రోగము ముదిరి 1617 డిసెంబరులో మరణించెను. ఏండ్లతరబడి వ్రాసికొనిన కాగితములలో అధికభాగము నశించెను. 1625లో పర్చాస్ ప్రకటించిన సంపుటములలో కొన్ని జాబులు, కొన్ని తునకలు మాత్రము చేరినవి.

ఇచ్చట మన ఏనుగుల వీరాస్వామయ్యగారు జ్ఞప్తికి వత్తురు. 1830 మే 18న చెన్నపట్టణమునుండి సుమారు నూరుమంది పరివారముతో కాశికి తరలిన సంపన్నుడాయన. కోర్యాటుతో పోలిక లేదు. కాని మజిలీలు, బాటలు, పట్టణములు, జనుల నడవడికలు విడువక వ్రాసి, కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లె గారికి జాబులుగా పంపిరి. 1836లో వీరాస్వామయ్యగారు గతించినను, పిళ్లెగారి పూనికచే 1838లో కాశీయాత్రచరిత్ర అచ్చయ్యెను. కోర్యాటుకు పదాతి ధైర్యమున్నది గాని కాగితములు భద్రపరచు పిళ్లె లేకపోయెను.

సమాధి విషయమునను ఏకాభిప్రాయము లేదు. సూరతున చిన్న గుర్తుక్రింద పూడ్చిరని టెర్రీ వ్రాసెను. లోకులు మాత్రము రాజ్‌గరి గుమ్మటమునే చూపుదురు. మాండూలో మూర్ఛ తెప్పించిన తలపు కొంత నిజమై, కొంత అబద్ధమయ్యెను. ఆతడెచ్చట నున్నాడో నిశ్చయముగా తెలియదు. ఏమయ్యెనో మాత్రము తెలిసినది.