పరదా వెనక ఇనుప కాళ్లు

ఇంట్లో ఒక గదిని ఫొటో స్టూడియోగా మార్చుకోవాలనుకునేవాళ్లు ముందుగా పరదా కోసం వెతుకుతారు. ఏ రంగు బాగుంటుంది, ఇటుక గోడ బొమ్మ తీసుకోవాలా, పూలతోట తీసుకోవాలా అని తర్జనభర్జన పడతారు. దాన్ని మోసే స్టాండు సంగతి చిట్టచివర గుర్తొస్తుంది. సెట్టులో వచ్చే సన్నటి అల్యూమినియం గొట్టాలతో సరిపెట్టుకుంటారు. ఈ వరస తలకిందులుగా ఉందని నా వాదన. పరదాకి ఒక మామూలు నూలు గుడ్డ చాలు. డబ్బు పెట్టవలసింది దాన్ని నిలబెట్టేదాని మీద. ఈ రెండూ ఫొటోగ్రఫీలోకి ఎందుకు వచ్చాయో, ఏ అవసరం తీర్చాయో చూస్తే ఈ మాట నిలుస్తుందో లేదో తేలుతుంది.

1839లో డాగ్యురోటైపు అనే ఫొటో పద్ధతి లోకానికి తెలిసిన కొద్ది నెలలకే అమెరికాలోని ఫిలడెల్ఫియాలో రాబర్ట్ కార్నీలియస్ తమ దీపాల దుకాణం బయట నిలబడి తన బొమ్మ తానే తీసుకున్నాడు. మనకు మిగిలిన తొలి మనిషి ఫొటోల్లో అదొకటి. అందులో వెనక పరదా అంటూ ఏమీ లేదు. అప్పటి ఫలకాలకు వెలుతురు చాలేది కాదు, మనిషి నిమిషాల తరబడి కదలకుండా ఉండాల్సి వచ్చేది. 1840లో పెట్స్‌వాల్ రూపొందించిన కటకం ఆ సమయాన్ని బాగా తగ్గించింది కానీ, తల ఊగకుండా ఉండేంతగా కాదు. అందుకే పాతకాలపు స్టూడియోకి గీసిన తెర కన్నా తల పట్టు స్టాండు ముఖ్యం. కింద బరువైన పోత ఇనుప దిమ్మ, మధ్యలో ఎత్తు మార్చుకోగల కడ్డీ, పైన మెడ వెనక ఆనే రెండు వేళ్ల పట్టు. ఆనాటి ఫొటోల్లో నిలబడ్డ పెద్దమనుషుల బూట్ల వెనక ఆ ఇనుప కాళ్లు తొంగిచూస్తుంటాయి. వాటిని చూసి, చనిపోయినవాళ్లను నిలబెట్టి ఫొటో తీశారన్న పుకారు ఈమధ్య బాగా ప్రచారమైంది. అది అబద్ధం. ఆ స్టాండు బతికున్న మనిషిని ఊగకుండా ఆపగలదు గానీ శవం బరువు మోయలేదు. ఊగకుండా ఆపడానికే దిమ్మకు అంత ఇనుము పోశారన్నది మాత్రం గమనించాలి.

గీసిన పరదాకు లండన్‌లో ఆంట్వాన్ క్లాడే 1841లోనే పేటెంటు తీసుకున్నాడు. అయితే అది ఊరూరా పాకడానికి కారణం 1854లో పారిస్‌లో డిస్డెరి పేటెంటు చేసిన కార్త్ ద విజిత్. ఒకే ఫలకం మీద అనేక బొమ్మలు తీసి, కత్తిరించి, అట్టలకు అతికించి అమ్మడంతో ఫొటో ధర ఒక్కసారిగా దిగింది. సుమారు ఆరు సెంటీమీటర్ల వెడల్పు, తొమ్మిది సెంటీమీటర్ల ఎత్తున్న ఆ బొమ్మలో మనిషిని తల నుంచి కాళ్ల దాకా నిలబెట్టడం అలవాటైంది. నిలువెత్తు మనిషి చుట్టూ ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీని నింపడానికి స్తంభాలు, పిట్టగోడలు, మడతల తెరలు, దూరాన సరస్సు వచ్చాయి. అంటే తక్కువ డబ్బుతో నిలువెత్తు ఫొటో కావాలన్న కోరికే గీసిన పరదాను పెంచి పోషించింది. మన దగ్గర లాలా దీన్‌దయాళ్ 1880లలో సికింద్రాబాదులో స్టూడియో పెట్టి, ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫరయ్యేనాటికి ఈ పద్ధతి స్థిరపడింది. ఇంచుమించు అదే కాలంలో, 1885లో, కడప జిల్లా సురభి గ్రామంలో సురభి నాటకాలు మొదలయ్యాయి. కోటలూ అడవులూ గీసిన తెరలు వాటి ప్రత్యేకత. నాటకానికి కోట గీయగలిగిన చేతికి స్టూడియో కోసం ఉద్యానవనం గీయడం కష్టమేమీ కాదు.

ఇదంతా ఒక పాయ. దీని పక్కనే, అంత పేరు రాకుండా, ఇంకో పాయ నడిచింది. ఇంటి స్టూడియో పెట్టుకునేవాళ్లకు పనికొచ్చేది ఈ రెండోదే. కలకత్తాలో పుట్టిన జూలియా మార్గరెట్ కామెరన్‌కు 1863 చివర్లో, నలభై ఎనిమిదేళ్ల వయసులో, కెమెరా కానుకగా వచ్చింది. ఇంగ్లండు దక్షిణాన వైట్ దీవిలోని తన ఇంట్లో బొగ్గుల కొట్టును చీకటిగదిగా, కోళ్ల గూటిని స్టూడియోగా మార్చుకుంది. ఆమె బొమ్మల్లో చాలావాటికి వెనక ఉన్నది ముదురు గుడ్డ, అంతే. పక్క నుంచి పడే వెలుతురులో ముఖం ఆ నలుపులోంచి పైకి తేలుతుంది. పారిస్‌లో నదార్ కూడా కవులనూ నటులనూ బోసి పరదా ముందే కూర్చోబెట్టాడు. 1948లో ఆఫ్రికాలోని బమాకో నగరంలో సేదూ కెయితా స్టూడియో పెట్టినప్పుడు మొదటి పరదా అతని మంచం మీది అంచుల దుప్పటి. రెండు మూడేళ్లకోసారి గుడ్డ మార్చేవాడు కాబట్టి, ఏ ఫొటో ఏ కాలానిదో తర్వాత ఆ గుడ్డల పూలను బట్టి పోల్చుకున్నారు. అర్వింగ్ పెన్ 1950లో పారిస్‌లో దొరికిన పాత నాటకశాల తెరను జీవితాంతం వాడాడు. ఇక రిచర్డ్ అవెడన్ 1979 నుంచి 1984 దాకా అమెరికా పడమటి ఊళ్లలో గని కార్మికులనూ దేశదిమ్మరులనూ ఆరుబయట, నీడలో, తెల్ల కాగితం ముందు నిలబెట్టి తీశాడు.

వాళ్లు మహానుభావులు, దుప్పటి ముందైనా తీయగలరు, మనకు ఆ నేర్పెక్కడిదని ఎవరైనా అనవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఇక్కడ నేర్పులో సగం లెక్కే. చిన్న దీపం వెలుతురు దూరం వర్గానికి విలోమంగా తగ్గుతుంది. దీపానికి మీటరు దూరంలో మనిషి, మనిషికి రెండు మీటర్ల వెనక బూడిదరంగు గుడ్డ ఉన్నాయనుకుందాం. గుడ్డ మీద పడేది మనిషి మీద పడేదాంట్లో తొమ్మిదో వంతు. ఫొటోలో అది దాదాపు నలుపుగా వస్తుంది. గుడ్డను దగ్గరకు జరిపితే అదే బూడిదరంగు. దాని మీదికి విడిగా ఇంకో దీపం గట్టిగా తిప్పితే తెలుపు. ఒక్క గుడ్డతో మూడు పరదాలన్నమాట. చిన్న గదిలో గోడలకు తగిలి తిరిగొచ్చే వెలుతురు ఈ లెక్కను కొంత చెడగొడుతుంది, నిజమే. దీపాన్ని మనిషికి ఇంకా దగ్గరగా జరిపితే ఆ ఇబ్బంది తగ్గుతుంది. మనిషిని గుడ్డకు ఐదారడుగుల ముందు కూర్చోబెడితే నీడ దాని మీద పడదు, పెద్ద కెమెరాలో ముడతలు కూడా మసకబారతాయి. ఫోనులో వెనకదంతా స్పష్టంగానే పడుతుంది కాబట్టి గుడ్డను ఇస్త్రీ చేసి, బట్టల క్లిప్పులతో లాగి కట్టాల్సిందే. మెరుపులేని దళసరి నూలు మంచిది. పాలియెస్టర్ మెరుస్తుంది, పల్చటి తెల్ల దుప్పటి వెనక కిటికీ ఉంటే ఊచలతో సహా కనిపిస్తుంది. కాగితం చుట్టలు సాధారణంగా 2.72 మీటర్లు, 1.35 మీటర్ల వెడల్పుల్లో, 11 మీటర్ల పొడవున వస్తాయి. పెద్దదాన్ని కొనేముందు అపార్టుమెంటు మెట్ల మలుపులో అది తిరుగుతుందో లేదో చూసుకోవాలి. కోస్తా ఊళ్ల తేమకు కాగితం అలలు తేలుతుంది. పడుకోబెట్టి దాస్తే నడుము వంగుతుంది.

దీనికన్నా బరువైన అభ్యంతరం ఇంకొకటి ఉంది. గీసిన పరదా ఉత్త అలంకారం కాదు, సామాన్యుడి ఊహకు అది వేదిక. ఉజ్జయిని దగ్గరి నాగ్దా స్టూడియోల మీద పరిశోధకుడు క్రిస్టఫర్ పిన్నీ, వలసకాలపు తెరల మీద మరో పరిశోధకుడు అర్జున్ అప్పాదురై ఈ కోణంలోనే రాశారు. రాజభవనం ముందు నిలబడ్డ కూలీ ఎవర్నీ మోసం చేయడం లేదు, తానిలా కూడా ఉండగలనని చెబుతున్నాడు. ఆ మాటకు నేను తలవంచుతాను. కానీ అప్పటి చిత్రకారుడు చాలాసార్లు తెలుపు, నలుపు, మట్టిరంగులతోనే గీసేవాడు. స్టూడియో అద్దాల కప్పు నుంచి వెలుతురు ఏ వైపు నుంచి పడుతుందో తెలిస్తే నీడలు కూడా దానికి తగ్గట్టే వేయగలిగేవాడు. ఇప్పుడు అచ్చువేసి అమ్మే ఫ్లెక్సీ పరదాలో ఎండ కుడివైపు నుంచి పడుతుంటే మీ కిటికీ ఎడమవైపు ఉంటుంది. ఎక్కడ తప్పో చెప్పలేకపోయినా చూసేవాడి కన్ను పట్టేస్తుంది. ఫ్లెక్సీ మెరుపు సరేసరి. పసిపిల్లల పుట్టినరోజుకి కోట బొమ్మే కావాలంటే తెచ్చుకోవచ్చు, కాకపోతే దానిలోని ఎండ ఏ వైపుదో చూసి దీపం ఆ వైపు పెట్టాలి.

ఇక మిగిలిన డబ్బు. ఫ్యాను గాలికి గుడ్డ తెరచాప అవుతుంది, పాకే పిల్లవాడు దాని అంచు పట్టుకు లాగుతాడు. ఎనిమిదడుగుల ఎత్తున తగిలే ఆ లాగుడుకు స్టాండును పడదోసే బలం ఎంతో ఎక్కువ. పోత ఇనుప దిమ్మ చేసిన పనిని ఇప్పుడు కాళ్ల ఎడమూ, వాటి మీద పెట్టిన బరువూ చేయాలి. కాబట్టి స్టాండు కొనేటప్పుడు ఎంత ఎత్తు సాగుతుందన్నది కాదు, కాళ్లు ఎంత వెడల్పుగా పరుచుకుంటాయో, గొట్టం ఎంత లావో, బిగించిన మర జారుతుందో లేదో చూడాలి. కూర్చున్న మనిషికి రెండు మీటర్ల ఎత్తు చాలు. తక్కువ ఎత్తులో ఏ స్టాండైనా మెరుగ్గా నిలుస్తుంది. ముక్కలు కలిపే అడ్డగొట్టం మధ్యలో కుంగితే పరదాలో ముడత అక్కడే పుడుతుంది. పీవీసీ గొట్టం చవకే కానీ మూడు మీటర్ల పొడవులో అదీ వంగుతుంది. హార్డ్‌వేర్ కొట్లో దొరికే ఇనుప గొట్టం ఒకే ముక్కగా ఉంటే నయం. ఇసుక సంచులు కాళ్లకు వీలైనంత కిందుగా వేలాడదీయాలి. సొంతిల్లయితే అసలు స్టాండే అక్కర్లేదు, గోడకు రెండు బ్రాకెట్లు కొట్టి కర్టెన్ రాడ్డు పెడితే దాన్ని మించిన పట్టు లేదు. ఇది నా వాదనకు విరుద్ధమేమీ కాదు, ఖర్చు పెట్టేది అక్కడా పట్టు మీదే. మేకు కొట్టనివ్వని అద్దె ఇంట్లో నేలకూ కప్పుకూ మధ్య బిగించే గొట్టం పనికొస్తుంది, జిప్సం ఫాల్స్ సీలింగు ఉంటే మాత్రం దాని జోలికి పోకూడదు.